పడమటి గోడయు, పూతమేస్త్రి బ్రతుకుదెరువును

వేసవికాలమున దీపములు పెట్టు వేళ పడకటింటి పడమటిగోడపై అరచేయి మోపి చూచిన గృహిణికి వేరొక ఉష్ణమాపకముతో పనిలేదు. సూర్యుడు క్రుంకి రెండు గడియలైనను ఆ గోడ పొయ్యిపై పెనమువలె కాగుచునే యుండును. మంచమును గోడకు దూరముగా జరుపుట, కిటికీకి తడిబట్ట వ్రేలాడదీయుట, నేలపై నీళ్ళు చల్లుట, పసిబిడ్డ నెత్తుకొని మేడపైకి పోవుట, ఇవన్నియు మన ఓరుగల్లు స్త్రీలకు తరతరములుగా తెలిసిన యుపాయములే. ఐనను ఆ గోడనే బాగుచేయింప వచ్చునను తలంపు మనలో ననేకులకు కలుగదు. నాకును నిరుటి వేసవివరకు కలుగలేదు.

హనుమకొండలోని మా యింటి పడమటిగోడ గిలాబు పెచ్చులూడగా, దానిని సరిచేయుటకు ఒక సుతారి మేస్త్రియు, ఆయన భార్యయు వచ్చిరి. ఆయన కర్నీ పట్టును. ఆమె మాలు కలిపి తట్టలతో నందించును. ఇరువది రెండేండ్లుగా వారి కాపుర మీ తీరుననే సాగుచున్నదట. మధ్యాహ్నము మజ్జిగ త్రాగుటకు నీడపట్టున కూర్చున్నప్పు డామె నన్నడిగిన ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

“అమ్మా, మీరు చదువుకున్నోళ్ళు. మా పిలగానికి పద్దెనిమిదేండ్లు నిండినయి, ఇంటర్ పాసైండు. నాయన తోటి సుతారి పనికి వస్తనంటడు. నేను వద్దంటున్న. ఆయన భుజం చూస్తున్నరు గద, రాత్రి పండుకుంటె ఒత్తిగిలనిస్తలేదు. ఈ పనిల ఇంక ఏమన్న బతుకున్నదా?”

నాకప్పుడు ప్రత్యుత్తరము తోచలేదు. కనుగొని చెప్పెదనని మాట యిచ్చితిని. అటుపిమ్మట గృహనిర్మాణము తెలిసినవారి నడిగియు, గ్రంథములను తిరుగవేసియు గ్రహించిన విషయములలో ముఖ్యమైన దొక్కటి కలదు. గోడ నున్నగా కనబడుటకు వేయు పూత వేరు. గోడను ఎండనుండి కాపాడుటకు వేయు పూత వేరు. మొదటిదానికి కూలి కలదు. రెండవదానికి ముందుకాలము కలదు. ఐతే ఆ ముందుకాలము తనంతట తాను నడచి వచ్చునది కాదు.

మన ప్రాంతమున తాపీపనివానిని సుతారి యనియు, తాపీని కర్నీ యనియు, గోడపూతను గిలాబు అనియు వ్యవహరింతురు. ఈ మాటలలో కొన్నిటికి ఉర్దూ వాసన యున్నను, పని మాత్రము మనదే. పూర్వము సున్నమును గానుగలో నూరి, బెల్లపు నీరును, కరక్కాయ నీరును చేర్చి, దినములకొలది నానబెట్టి పూసెడివారు. ఆ పూత అద్దమువలె మెరయుచు, గోడలోని తేమను వెలికి విడుచుచుండెడిది. సిమెంటు వచ్చినపిమ్మట పని త్వరపడినది. త్వరతోపాటు గోడయు పలుచబడినది.

మా అమ్మమ్మగారి యింటి మట్టిగోడలు మూరెడున్నర మందము. పైన గూనపెంకులు. మిట్టమధ్యాహ్నమున లోపల కన్నుమూసిన నిద్ర పట్టెడిది. నేడు మనము కట్టుకొను గోడ తొమ్మిది యంగుళములు. లోపలి గోడలు నాలుగున్నర యంగుళములే. పైన సిమెంటు స్లాబు. పాతయింటిలో గొప్పతనమంతయు ఉండెనని నేననను. వానకు కురియుట, చెదలు పట్టుట, ఏటేట అలుకుటకు ఆడువారి నడుములు విరుగుట నేనెరుగుదును. కాని వేడి విషయమున మాత్రము మన మొకటి పొందుటకై యొకటి పోగొట్టుకొంటిమి.

ఇక వేడి యింటిలోనికి వచ్చు త్రోవ నించుక విచారింతము. ఓరుగల్లు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 18 డిగ్రీలలో నున్నది. అందుచేత మే మాసము రెండవ వారమునను, మరల జూలై కడపటను సూర్యుడు మధ్యాహ్నవేళ సరిగా మన నెత్తిమీద నిలుచును. అప్పుడు దక్షిణపు గోడపై ఎండ పడుట చాల స్వల్పము. ఎండ దెబ్బ యంతయు తినునది పైకప్పు. దాని తరువాత ఉదయము తూర్పుగోడయు, సాయంకాలము పడమటిగోడయు. పడమటిగోడ దుర్దశ యేమనగా, అప్పటికే గాలి మిక్కిలి కాగియుండగా దానిపై ఏటవాలుగా ఎండ పడును. ఇటుక ఆ వేడిని త్రాగి, కొన్ని గంటల కాలము తనలో దాచుకొని, మనము పండుకొను వేళకు లోపలికి విడుచును. రాత్రి గోడ కాలుట కిదియే కారణము. కనుక డబ్బు కొంచెమే యున్నవారు ముందు కప్పును, తరువాత పడమటిగోడను చూచుకొనవలెను. నాలుగు గోడలకును ఒక్కసారి చేయింపుడని చెప్పువాని మాట వెంటనే వినవలసిన పనిలేదు.

వేడి నాపుట యెట్లు? దీనికి గొప్ప శాస్త్రము చదువనక్కరలేదు. మంచుగడ్డను రంపపుపొట్టులో పొదిగి గోనెపట్ట కప్పి తెచ్చువానిని మనమందరము చూచినవారమే. పొట్టులోను, గోనెలోను చిక్కుకొన్న గాలి కదలదు. కదలని గాలి వేడిని తేలికగా దాటనీయదు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మింపజేసిన రామప్పగుడి శిఖరపు ఇటుకలు నీటిపై తేలునంత తేలికయైనవని ప్రసిద్ధి. ఆ యాలయము 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది. ఆనాటి శిల్పులు శిఖరపు బరువు తగ్గించుటకే యట్లు చేసిరి గాని, వేడి నాపుటకు గాదు. ఐనను ఆ యిటుకను తేల్చు సందులలోని గాలియే వేడి కడ్డుపడు గాలియు.

నేడు ఈ పనికి వాడునది థర్మోకోలు పలక, లేదా రాతిని కరగించి పోగులుగా తీసిన రాక్‌వూల్ పలక. రెండంగుళముల మందముగల థర్మోకోలు పలక వేడి నాపుటలో సుమారు మూడడుగుల యిటుకగోడకు సమానము. తొమ్మిదంగుళముల గోడకు వెలుపల ఈ పలక నంటించినయెడల, గోడద్వారా లోపలికి వచ్చు వేడి లెక్క ప్రకారము నాలుగవవంతునకు తగ్గును. మా అమ్మమ్మగారి గోడ మందము రెండంగుళములలో దొరకినదన్నమాట.

మన యూరిలో ఈ విద్య బొత్తిగా కొత్త కాదు. ఎనుమాముల మార్కెట్టునకు వచ్చు మిరపకాయను దాచు శీతల గిడ్డంగుల గోడలకు లోపలివైపున ఇట్టి పొరలే యుండును. రంగు చెడకుండ, పురుగు పట్టకుండ మిరపకాయ ఆ చల్లని గదులలో నెలల తరబడి సుఖముగా నుండును. వరంగల్లు చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడ దొరకినది. మిరపకాయకు దొరకిన గోడ దానిని కోయు కూలి స్త్రీకి దొరకకపోవుట చూచి నేను నవ్వుకొంటిని. నవ్వుకొని ఊరకుంటినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

వెలిగోడకు ఈ పొరను కప్పు పని యెట్లు జరుగునో కొంచెము వివరముగా చెప్పెదను. మేస్త్రిని పిలిచి చేయించు గృహిణికిని, ఈ పనికి కొడుకును పంపదలచిన తల్లికిని ఇది సమానముగా పనికివచ్చును.

ముందు పాతగోడను తట్టి చూడవలెను. డొల్లగా పలికినచోట పాత గిలాబును పూర్తిగా రాల్చి, చెమ్మ యున్నచో దాని కారణమును కనిపెట్టి మాన్పవలెను. చెమ్మగోడపై పలక వేయుట పుండుపై గుడ్డ కప్పుట వంటిది. తరువాత పలక వెనుక అంచు చుట్టును జిగురు మాలును వరుసగా పెట్టి, నడుమ మూడుచోట్ల ముద్దలుగా ఉంచి, గోడ కదిమి, రసమట్టముతో సరిచూడవలెను. పలక వైశాల్యములో నూటికి నలువది పాళ్ళకు తక్కువ కాకుండ జిగురు తగులవలెనని నియమము. పలకలను ఇటుకలవలెనే అతుకు మీద అతుకు రాకుండ పేర్చవలెను. రెండు పలకల నడుమ సందు మిగిలినచో మాలుతో పూడ్చరాదు. ఆ పలక ముక్కతోనే పూడ్వవలెను, లేకున్న ఆ సందునుండి వేడి లోనికి దారి చేసికొనును. కిటికీ మూలయొద్ద పలక అతుకు రాకూడదు. అచ్చట పలకను మూలకు తగినట్లు కోసి యొకే ముక్కగా అమర్చవలెను.

ఒక దినమైన గడచి జిగురు గట్టిపడినపిమ్మట గొడుగుతల మేకులను గోడలోనికి దిగగొట్టుదురు. చదరపు మీటరునకు ఆరు మేకులు సామాన్యపు లెక్క. దానిపై మాలు పూసి, పచ్చిగా నుండగనే గాజుపోగుల జాలీని అందులోనికి అదుముదురు. ఒక జాలీ అంచు మరియొకదానిపై నాలుగంగుళములు ఎక్కవలెను. కిటికీ నాలుగు మూలలకును ఏటవాలుగా వేరే జాలీ ముక్కలు వేయవలెను. పగులు మొదట పుట్టునది అచ్చటనే. జాలీ పైకి కనబడరాదు, లోతుగా మునిగిపోరాదు. పూత పైపొరలో నిలువవలెను. చివర రంగుపూత. మన యెండకు లేతరంగే తగును. ముదురురంగు వేసిన పూత కాగి, లోపలి మెత్తని పలకపై సాగి ముడుచుకొని బీటలువారును.

ఇందులో మన మేస్త్రికి తెలియని దెంత? నేను లెక్కవేసికొని చూచితిని. మట్టము, తూకపుగుండు, మూల తీయుట, మాలు పదును చేతితో గుర్తించుట, నున్నగా రుద్దుట, ఇవన్నియు ఆయన చేతిలో నున్నవే. పలకను కోయుట, జిగురు పెట్టు తీరు, జాలీ అదుముట, మేకు పొడవు గోడనుబట్టి యెంచుట నేర్చుకొనవలసినవి. నేర్చుకొనుటకంటె మరచిపోవుట కష్టము. ఇటుకగోడ గిలాబులో పల్లము కనబడిన మాలు దట్టించి పూడ్చుటయు, మాలు గట్టిపడిన మరికొన్ని నీళ్ళు పోసి కలుపుటయు మన వారికి అలవాటు. ఇచ్చట ఆ రెండును దోషములే. సంచిపై వ్రాసిన కొలతకు చెంచాడు నీరెక్కువైనను పూత బలము తప్పును. సంచిపై వ్రాసినది చదువగలవాడు కావలెను. ఇంటరు చదివిన కుఱ్ఱవాని చదువు వ్యర్థము కాని చోటు ఇది యొకటి.

ఇంకొక చిక్కు మన దేశపు వేసవి. ఎండలో కాగిన గోడపై పూసిన మాలు బిగియకమునుపే ఎండిపోవును. ముప్పది డిగ్రీలు దాటిన వేడిలో ఈ పూతలు వేయరాదని వాటిని తయారుచేయువారు సాధారణముగా హెచ్చరింతురు. మన యూరి మే మాసమున తెల్లవారుజాముననే ముప్పది డిగ్రీలు! కావున ఈ పని వానలు వెనుకబట్టిన తరువాత, కార్తీకమునుండి మాఘమువరకు చేయించుకొనుట మేలు. వేసవిలో గోడ కాలుచుండగా తలచుకొని, చలికాలములో మరచిపోవుట మన గృహస్థుల స్వభావము. మేస్త్రీలు ఆ కారణముచేతనే బేరము పోగొట్టుకొనుచున్నారు.

పరదేశములలో ఈ పని యెట్లున్నదో చూడుడు. 1950ల దశకమునుండి జర్మనీలో ఇండ్లకు వెలుపల ఇట్టి పొరలు కప్పుచున్నారు. అచ్చట చలిని వెలుపల నుంచుటకు; ఇచ్చట ఎండను వెలుపల నుంచుటకు; పని యొక్కటే. బ్రిటనులో ప్రభుత్వ పథకముల క్రింద బీదల యిండ్లకు ఇట్లు చేయించిరి. 2025 అక్టోబరులో ఆ దేశపు జాతీయ ఆడిటు కార్యాలయము ప్రకటించిన నివేదిక చూచిన మనసు చివుక్కుమనును. ఆ పథకములలో వెలిగోడకు పొర కప్పిన యిండ్లలో నూటికి 98, అనగా 22,000 మొదలు 23,000 వరకు ఇండ్లలో, సరిదిద్దవలసిన పెద్దలోపములున్నవని అంచనా. తగిన నేర్పు లేనివారికి పని చేతులు మార్చి యిచ్చుట అందుకు చూపబడిన కారణములలో నొకటి. ఇట్టి లోపముల ఫలితము గోడలోనికి నీరు దిగి లోపల బూజు పట్టుట. లోపము పలకలోనిది కాదు, చేతిలోనిది.

అంతకంటె దారుణమైన సంగతి లండనులోని గ్రెన్‌ఫెల్ భవనము. 24 అంతస్తుల ఆ భవనమునకు వెలుపల తొడిగిన రేకులు, పొరలు 2017 జూన్ 14న అంటుకొనగా 72 మంది మరణించిరి. అది పూతపని కాదు, రేకుపని; ఐనను వెలిగోడపై మంటకు లొంగు వస్తువును కప్పు వారందరికిని అది పాఠము. థర్మోకోలు మంటకు కరగును, మండును. మంటను తట్టుకొనునట్లు చేసిన రకమునే కొనవలెను. ఎత్తైన మేడలకును, వంటయింటి పొగగొట్టము దగ్గరను, గ్యాసు బండలుంచు గోడకును రాతినూలు పలకయే వాడవలెను. దుకాణదారు ‘అన్నీ ఒకటే’ నన్నప్పుడు ఒప్పుకొనకుడు.

మరి మన యూరిలో ఈ పనికి గిరాకి యెంత? నేను సత్యమే చెప్పవలెను. హనుమకొండ, కాజీపేట, వరంగల్లు మూడూళ్ళును తిరిగినను, వెలిగోడకు పొర కప్పుటయే వృత్తిగా పెట్టుకొని బ్రతుకగల పరిస్థితి యింకను కానరాదు. రేపే వచ్చునని ఆ తల్లికి చెప్పి కుఱ్ఱవాని భవిష్యత్తుతో జూదమాడలేను. కాని ఆ దిక్కునకు తలుపులు తెరచుకొనుచున్న గుర్తులు మాత్రము కలవు.

మొదటిది పైకప్పు. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. 2028 నాటికి రాష్ట్రమున 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచవలెనని దాని యుద్దేశము. అందు 100 చదరపు కిలోమీటర్లు హైదరాబాదు వెలుపలి ప్రాంతములవి. ప్రభుత్వ భవనములకును, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములకు మించిన స్థలములోని యిండ్లకును ఇది విధి, చిన్నయిండ్లకు ఐచ్ఛికము. ఎండను తిరుగగొట్టు తెల్లనిపూత వేయుట, తెల్లని పలకలు పరచుట, ఇదంతయు పూతపనివాని చేతిమీదుగా జరుగవలసినదే. రెండవది గోడల నియమము. కేంద్ర ప్రభుత్వము 2018లో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’లో నివాసగృహముల గోడలనుండియు, కప్పునుండియు ఎంత వేడి లోనికి రావచ్చునో మొదటిసారిగా కొలత ఏర్పరుపబడినది. కొలత కాగితముపై నుండగనే సరిపోదు; గోడపైకి దిగవలెను.

మూడవది తేలిక దిమ్మెలు. ఇటుకకు బదులు నేడు గాలిబుడగలు నింపిన తెల్లని సిమెంటుదిమ్మెలతో గోడలు కట్టుచున్నారు. వీనిలో వేడి కొంత నాగును. కాని వానిపై పాతపద్ధతిని గిలాబు వేసిన వెంట్రుకబీటలు వచ్చును. సిమెంటు స్తంభమును దిమ్మెగోడయు కలియుచోట జాలీ వేయవలెనని తెలియని మేస్త్రి వలన ఎందరి యిండ్లలో నిలువుబీటలు పడినవో మీలో కొత్తయిల్లు కట్టుకొన్నవారి నడుగనక్కరలేదు. జాలీ అదుముట ఇచ్చట నేర్చినవానికి వెలిగోడ పొరపని సగము వచ్చినట్లే. కావున మొదట చల్లని కప్పును, నీరుకారకుండ చేయు పూతను, దిమ్మెగోడ గిలాబును నేర్చి, వీనిమీద బ్రతుకుచు, పొరపనిని చేతికి తెచ్చుకొనుట వివేకమని నా యభిప్రాయము.

నేర్చుకొనుట యెచ్చట? మన యూర 1959లోనే ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వెలసినది. నేడది జాతీయ సాంకేతిక సంస్థ. గోడ లెక్క నేర్పువారు అచ్చట కలరు. గోడపూత మాత్రము మేస్త్రి వెనుక నిలిచి నేర్చుకొనుటయే నేటికిని వాడుక. ఐనను త్రోవలు లేకపోలేదు. 1998లో స్థాపింపబడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ హైదరాబాదు కేంద్రముగా నిర్మాణపు పనులలో యువకులకు శిక్షణ యిచ్చుచున్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున చేర్చిన 18 వృత్తులలో రాజమేస్త్రిపని యొకటి. శిక్షణ దినములలో రోజునకు 500 రూపాయల భృతియు, పనిముట్లకు 15,000 రూపాయలును, 5 శాతము వడ్డీకి మొదట లక్ష, దానిని తీర్చిన తరువాత రెండు లక్షల వరకు అప్పును ఇత్తురు. కుటుంబమున కొక్కరికే ఈ మేలు. భార్య, భర్త, పెండ్లికాని పిల్లలు ఒక కుటుంబముగా లెక్క. కావున ఎవరి పేరు వ్రాయింపవలెనో యింటిలో ముందుగా కూర్చుండి యాలోచించుకొనవలెను.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనుట ఇంకను ముఖ్యము. వయస్సు 18కిని 60కిని నడుమ నుండి, గడచిన పండ్రెండు మాసములలో 90 దినములు నిర్మాణపు పని చేసినవారు ఇందునకర్హులు. ప్రసూతి సాయము, ఆడపిల్ల పెండ్లికానుక, ప్రమాదమున మరణించిన పరిహారము దీనిద్వారా లభించును. మాలు మోయు స్త్రీయు ఇందు కార్మికురాలే. మా మేస్త్రికి కార్డు కలదు. ఆయన భార్యకు లేదు. ‘నేనేం పని జేస్త, అందిస్త గంతే’ యని ఆమె నాతో చెప్పినది! ఇరువది రెండేండ్లు సిమెంటు తట్టలు మోసిన మనిషి నోట ఆ మాట విని నాకు కోపము వచ్చినది. ఆమెమీద కాదు.

ఇక్కడ నొక మాట. ఝార్ఖండులో స్వచ్ఛభారత్ కాలమున స్త్రీలు మరుగుదొడ్లు కట్టు తాపీపని నేర్చి ‘రాణీ మిస్త్రీ’ లని పేరుపొందిరి. మన ప్రాంతమున ఆడువారు ఇసుక జల్లించుటకును, తట్ట మోయుటకును పనికివత్తురట. కర్నీ పట్టుటకు పనికిరారట. వెలిగోడ పొరపనిలో పలక దూదివలె తేలిక. కోయుట, జాలీ పరచుట, మూలలు సరిచేయుట బలముకంటె ఓర్పును కోరును. రవికె గుడ్డ కత్తిరించు చేతికి కిటికీమూల జాలీ కత్తిరించుట యెంత పని? కొత్తపని యిది గనుక, దీనిలోనైన మొదటినుండియు స్త్రీకి కూలి వేరు, మేస్త్రికి కూలి వేరు అను భేదము పాతుకొనకమునుపే మన స్త్రీలు చోటు సంపాదించుకొనవలెను.

దూరదేశముల సంగతియు ఆ తల్లి యడిగినది. గల్ఫు దేశములకు మన తెలంగాణ మేస్త్రీలు పోవుట నేటిది కాదు. 2024లో ఇజ్రాయేలునకు నిర్మాణ కార్మికులను హైదరాబాదులో ఎంపిక చేసినప్పుడును, కోరిన పనులలో గోడపూత యొకటి. నెలకు సుమారు లక్షా ముప్పదియేడువేల రూపాయల జీతము. అప్పు డది యుద్ధము నడుచుచుండిన దేశమని మరువరాదు. పోదలచినవారు తెలంగాణ ప్రభుత్వమువారి టామ్‌కామ్ సంస్థ ద్వారానో, కేంద్ర ప్రభుత్వమున నమోదైన ఏజెంటు ద్వారానో పోవలెను. ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే; అంతకు మించి అడిగినవాని గడప తొక్కరాదు. సందర్శకుని వీసాపై పంపెదమను వానిని నమ్మి పుస్తెలు తాకట్టు పెట్టిన కుటుంబముల కథలు మన జిల్లాలో కొల్లలు.

శరీరరక్షణ విషయము తల్లులకు మొదట తోచునది. నేనే కడపట వ్రాయుచున్నాను. సిమెంటు తడి చేతులకు తగిలి గజ్జివలె పొక్కును. రబ్బరు చేతితొడుగు ఖరీదు ఒక పూట టీ ఖర్చు. పాతపూత రాల్చునప్పటి దుమ్ము ఊపిరితిత్తులలో దిగి మరల రాదు. ముక్కునకు గుడ్డ చాలదు, తగిన ముసుగు కావలెను. కట్టెల పరంజాపైనుండి జారిపడి నడుము విరిగినవారిని ప్రతి యూరిలోను చూపవచ్చును. రెండంతస్తులకు పైని పనికి ఇనుప పరంజా, నడుము పట్టీ లేనిదే ఎక్కనని చెప్పుటకు కుఱ్ఱవానికి ధైర్యము కావలెను. ఆ ధైర్యము తల్లి నేర్పవలసినదే. పని చేయించుకొను గృహిణియు ‘ఈ ఒక్కపూటే కదా’ యని తొందరపెట్టరాదు.

నేనీ సంగతులన్నియు వ్రాసికొని, దసరా వెళ్ళిన తరువాత ఆ దంపతులను పిలిపించితిని. కుఱ్ఱవాడును వచ్చెను. మేస్త్రి యంతయు విని, “పూత ఎండకు భయపడది అమ్మా, నీళ్ళకు భయపడతది. పలక పైకొనల నీళ్ళు దిగకుంట చూసుకుంటే సాలు” అని, నేను చదివిన పుస్తకములు పది పుటలలో చెప్పిన దానిని ఒక్క మాటలో చెప్పివేసెను. ఆయన పేరు విశ్వకర్మ పథకమునకు, ఆమె పేరు సంక్షేమ మండలికి వ్రాయించుటకు నిశ్చయమైనది. కుఱ్ఱవాడు శిక్షణకు దరఖాస్తు పెట్టుకొనెను. పిలుపు వచ్చువరకు తండ్రితో కప్పుల పని చేయునట. తల్లి ఔననలేదు, కాదనలేదు.

మా కప్పునకు తెల్లనిపూత అప్పుడే వేయించితిమి. పడమటిగోడకు పొర కప్పు పని సంక్రాంతి వెళ్ళిన పిమ్మట మొదలుపెట్టుటకు ఒప్పందమైనది. పలకలు హైదరాబాదునుండి రావలెను. కుఱ్ఱవాడు టేపు పట్టి గోడ కొలిచెను. పొడవు 22 అడుగులు, ఎత్తు 10 అడుగులు. నాలుగేసి యడుగుల చదరపు కిటికీలు రెండు. కాగితముపై 220 అని వ్రాయబోవుచుండగా, అంతవరకు మౌనముగా గడపలో కూర్చున్న తల్లి మెల్లగా నిట్లనెను: “కిటికీలు తీసేసి లెక్కగట్టు బిడ్డా. మూలలకు జాలీ ముక్కలు ఎనిమిది, అవి వేరే రాసుకో.”

వాడు 220 కొట్టివేసి 188 అని వ్రాసికొనెను.